గుండె మళ్ళీ కొట్టుకున్నాక మెదడును కాపాడే చలువ

ఆగిన గుండె మళ్ళీ కొట్టుకోగానే గండం గడిచిందనుకుంటాం. కానీ రక్తం అందని ఆ కొద్ది నిమిషాల్లో మెదడుకు తగిలిన దెబ్బ, రక్తం అందిన తర్వాత కూడా రోజుల తరబడి ముదురుతూనే ఉంటుంది. ఒళ్ళు ఒక డిగ్రీ చల్లబడితే మెదడు వాడుకునే ఆక్సిజన్ సుమారు 6 శాతం తగ్గుతుంది. స్పృహ రాని రోగిని చల్లబరచడం ఇందుకే.

2002లో యూరప్, ఆస్ట్రేలియాల్లో జరిగిన రెండు అధ్యయనాలు 33 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంచితే మేలని చెప్పాయి. 2013లో 33కూ 36కూ తేడా కనబడలేదు. 2021లో 1,850 మందిని ఆరు నెలలు గమనిస్తే, 33కి చల్లబరచినవారిలో 50 శాతం, జ్వరం రాకుండా మాత్రమే చూసినవారిలో 48 శాతం చనిపోయారు. పైగా చల్లబరచినవారిలోనే గుండె లయ ప్రమాదకరంగా తప్పడం ఎక్కువ. అందుకే ఇప్పుడు చాలా ఐసీయూల్లో 37.5 దాటనివ్వకపోవడమే లక్ష్యం.

అంటే చేతులు కట్టుకుని కూర్చోవచ్చని కాదు. జ్వరం ఆపితే చాలన్న ఆ గుంపులోనూ 46 శాతం మందికి చల్లబరిచే యంత్రం పెట్టాల్సి వచ్చింది.

చంకలో పెట్టే థర్మామీటరు ఇక్కడ పనికిరాదు. అన్నవాహికలోనో మూత్రాశయంలోనో ప్రోబ్ (లోపలి వేడి కొలిచే సన్నటి తీగ) ఉండాలి. మూత్రం సరిగా రాకపోతే మూత్రాశయం ప్రోబ్ వెనకబడిన అంకె చూపిస్తుంది. ముందు పారాసిటమాల్ ఇస్తారు. తర్వాత గుడ్డ చుట్టిన ఐస్ ప్యాకులు మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెడతారు. గుడ్డ లేకపోతే చర్మం దెబ్బతింటుంది. చల్లటి నీరు తిరిగే ప్యాడ్లుంటే అంకె నిలకడగా ఉంటుంది. అంబులెన్సులోనే 4 డిగ్రీల సెలైన్ గబగబా ఎక్కించడం మాత్రం వద్దు: ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, గుండె మళ్ళీ ఆగడం ఎక్కువయ్యాయి.

అసలు శత్రువు వణుకు. వణికే ఒళ్ళు వేడి పుట్టించి, ఆక్సిజన్ తినేసి, చేసిందంతా వృథా చేస్తుంది. కంటికి కనబడకముందే ఈసీజీ గీత మీద సన్నటి నూగులా కనిపిస్తుంది. మెడమీద, ఛాతీమీద అరచెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తుంది. చేతులూ కాళ్ళూ వెచ్చగా కప్పాలి, తర్వాత వణుకు తగ్గించే మెగ్నీషియం, పెథిడిన్, మత్తుమందు. కండరాలను స్తంభింపజేసే మందు చివరి ఆయుధం. దాని మాటున ఫిట్స్ దాగిపోతాయి కనుక ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల గీత) చూస్తుండాలి.

33 దాకా చల్లబరిస్తే పొటాషియం కణాల్లోకి పోయి రక్తంలో తగ్గుతుంది. కంగారుపడి ఎక్కువ ఎక్కిస్తే, వెచ్చబడేటప్పుడు లోపలిదంతా బయటికొచ్చి గుండె లయ చెడుతుంది. అందుకే గంటకు 0.25 డిగ్రీల చొప్పున నెమ్మదిగా వెచ్చబరుస్తారు. 33 నుంచి 37కి 16 గంటలు.

చల్లబడిన ఒంట్లో కాలేయం మందగించి మిడజోలామ్ లాంటి మత్తుమందులు చాలాసేపు నిలిచిపోతాయి. రెండో రోజు కళ్ళు తెరవకపోవడానికి కారణం మెదడు దెబ్బ కావచ్చు, మందు కావచ్చు. మత్తు పూర్తిగా దిగి, కనీసం 72 గంటలు గడిచేదాకా ‘ఇక లాభం లేదు’ అన్న మాట ఇంటివాళ్ళతో అనకూడదు.