తుక్కు కాకుండా మిగిలిన ట్యాంకులు

సిబ్బంది చాలడం లేదని, పాత భవనాల మరమ్మతులకు డబ్బు లేదని చెప్పి అమెరికా సైన్యం 2025 జూన్‌లో తన మ్యూజియాల సంఖ్యను బాగా తగ్గించబోతున్నట్టు ప్రకటించింది. అప్పటికి ఉన్నవి 41. వాటిలో చాలావరకు 2029 లోపు దశలవారీగా మూతపడతాయి. మరి వాటిలోని ట్యాంకులు, ఫిరంగులు, సాయుధ వాహనాలు ఏమవుతాయన్నదే ఇప్పుడు పెద్ద ప్రశ్న. ఇది మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి నుంచి ఉన్నదే. మ్యూజియానికి చేరినంత మాత్రాన వాహనం భద్రంగా ఉన్నట్టు కాదని చరిత్ర చాలాసార్లు చూపించింది.

జర్మనీ ఆ యుద్ధంలోకి దించిన తొలి ట్యాంకు ఏ7వీ. ముప్పై టన్నుల బరువు, లోపల పద్దెనిమిది మంది సిబ్బంది. తయారైనవి ఇరవయ్యే. యుద్ధం తర్వాత ‘ఎల్‌ఫ్రీడె’ అనే ట్యాంకును ఫ్రెంచివాళ్లు పారిస్‌లో జనానికి చూపించారు, ఆ తర్వాత అది తుక్కులో కలిసిపోయింది. ‘నిక్సె’ అనే మరొకటి అమెరికాలోని మేరీల్యాండ్‌లో, అబర్డీన్ సైనిక కేంద్రానికి చేరింది. ఆయుధాలను పరీక్షించి, భద్రపరిచే చోటు కాబట్టి దానికి ఇక ఢోకా లేదనుకోవాలి. కానీ 1942లో రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాల్సి వచ్చి దాన్ని తుక్కు చేసేశారు.

ఇరవైలో నేటికీ మిగిలింది ఒక్క ‘మెఫిస్టో’. అది ఉన్నది జర్మనీలో కాదు, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో. 1918 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని విల్లేర్-బ్రెటన్నో దగ్గర గుంతలో కూరుకుపోతే జర్మన్లు దాన్ని వదిలేశారు. జులైలో ఆస్ట్రేలియా 26వ బెటాలియన్ దాన్ని బయటికి లాగింది. ఆ బెటాలియన్‌లో ఎక్కువమంది క్వీన్స్‌లాండ్ వాళ్లు కావడంతో 1919లో ఓడ మీద తమ ఊరికే తెచ్చుకున్నారు. రేవు నుంచి మ్యూజియం దాకా రెండు రోడ్డు రోలర్లు కట్టి ఈడ్చుకెళ్లారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అది ఎండకు ఎండి, వానకు తడిసి ఆరుబయటే ఉంది. 2011 బ్రిస్బేన్ వరదల్లో నీళ్లు చేరితే సంరక్షణ నిపుణులు శుభ్రం చేయాల్సి వచ్చింది. దాని ఉక్కు రేకుల మీద తూటాల సొట్టలు నేటికీ కనిపిస్తాయి. ముందు భాగంలో బ్రిటిష్ ట్యాంకును చంకన పెట్టుకుని పరిగెత్తే ఎర్ర దయ్యం బొమ్మ ఉంటుంది. జర్మనీలోని మున్‌స్టర్ ట్యాంకు మ్యూజియంలో ఉన్న ఏ7వీ మాత్రం తర్వాత తయారు చేసుకున్న నమూనా. ఎంత నిక్కచ్చిగా చేసినా దాని మీది సొట్టలు ఆ యుద్ధంలో పడ్డవి కావు.

బ్రిటన్‌దీ ఇలాంటి కథే. యుద్ధ నిధికి చందాలిచ్చిన ఊళ్లకు కృతజ్ఞతగా 1919-20లో 260కి పైగా ట్యాంకులు బహూకరించారు. ఊరి నడుమ దిమ్మెల మీద కొన్నేళ్లు నిలబెట్టి, పట్టించుకునేవాళ్లు లేక తుప్పు పట్టాక ఒక్కొక్కటే తుక్కుకు తోలేశారు. కెంట్‌లోని ఆష్‌ఫర్డ్ ట్యాంకు ఒక్కటే నిలిచింది. 1929లో దాని ఇంజిన్ తీసేసి లోపల కరెంటు సబ్‌స్టేషన్ పెట్టారు. పనికొస్తోంది కాబట్టి ఎవరూ దాని జోలికి పోలేదు. విలువ తెలిసి కాపాడింది కాదన్నదే నన్ను బాధపెట్టే విషయం.

అబర్డీన్ మ్యూజియం కూడా 2010లో మూతపడింది. సైనిక స్థావరాలను కుదించాలని 2005లో తీసుకున్న నిర్ణయంతో ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, మందుగుండు) శిక్షణ విభాగం వర్జీనియాలోని ఫోర్ట్ లీకి మారింది. దాని వెనకే సేకరణలో ఎక్కువ భాగం తరలిపోయింది. దశాబ్దాలుగా ఆరుబయట బారులు తీరిన ఆ ట్యాంకులను చూడ్డానికి జనం వచ్చేవాళ్లు. కొత్త చోట వాటి బాగోగులు చూసేవాళ్లున్నారు గానీ, సైనిక శిక్షణకే ప్రాధాన్యం కాబట్టి మామూలు సందర్శకులకు మునుపటిలా తలుపులు తెరిచి లేవు.

ప్రైవేటు వాళ్ల చేతిలో ఉంటే మేలా అంటే అదీ చెప్పలేం. కాలిఫోర్నియాలో జాక్ లిటిల్‌ఫీల్డ్ అనే ఆయన సొంత డబ్బుతో రెండు వందలకు పైగా సైనిక వాహనాలు సేకరించి, సొంత వర్క్‌షాపులో బాగు చేయించారు. పోలండ్‌లో నదిలోంచి తీసిన జర్మన్ పాంథర్ ట్యాంకుకు సైతం అక్కడే ప్రాణం పోశారు. 2009లో ఆయన చనిపోయారు. సేకరణ కాలింగ్స్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది. మ్యూజియం కట్టడానికి డబ్బు కావాలని 2014 జులైలో ఎక్కువ వాహనాలను వేలం వేశారు. ఎంచి ఉంచుకున్న వాటితో 2019లో మసాచుసెట్స్‌లో అమెరికన్ హెరిటేజ్ మ్యూజియం తెరిచారు. మ్యూజియమైతే వచ్చింది. కానీ ఏ వాహనం దేని తర్వాత వచ్చింది, ఏ లోపాన్ని సరిదిద్దడానికి ఏ మార్పు చేశారు అని వరసగా చూపగలిగిన సేకరణ చెదిరిపోయింది. కొన్నవాళ్లలో ఎవరు ఎప్పుడు మళ్లీ అమ్ముతారో వాళ్ల ఇష్టం.

మన దేశంలో ఇలాంటి వాహనాలకే ప్రత్యేకించిన పెద్ద చోటు మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్, ఇప్పటి అహిల్యానగర్‌లో ఉంది. సైన్యం 1994లో ఏర్పాటు చేసిన కావల్రీ ట్యాంక్ మ్యూజియం అది. 1965 యుద్ధంలో పాకిస్తాన్ నుంచి పట్టుకున్న పాటన్ ట్యాంకులను దేశమంతా కంటోన్మెంట్లకు, ఊళ్లకు పంచిపెట్టారు. వాటిలో చాలావరకు నేటికీ ఆరుబయటే ఉన్నాయి. పై మూతలు సరిగా మూయకపోతే వాననీళ్లు లోపలికి దిగి అడుగున నిలుస్తాయి. పైన ఏటేటా కొత్త రంగు వేస్తుంటే బయటి నుంచి నిగనిగలాడుతూనే ఉంటాయి, లోపల మాత్రం అడుగు రేకును తుప్పు తినేస్తుంటుంది. పైన కప్పు వేయడం, నీళ్లు పోయే దారి తెరిచి ఉంచడం, ఏ ట్యాంకు ఏ నంబరుతో ఎక్కడుందో రాసిపెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు. వాటిని నిలబెట్టిన యూనిట్లు, పురపాలికలు ముందు ఈ మూడూ చేయాలి.