‘నాకు యాడ వస్తాదిలే’: ఎదుగుదలను ఆపే మాటలపై అపోహలు, వాస్తవాలు

“నాకు యాడ వస్తాదిలే సార్.” “మావోని తలకెక్కదు మేడమ్.” “ఇప్పుడెందుకులే, నలుగురూ ఏమనుకుంటారో.” అనంతపురంలో గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివే పిల్లల నోటా, కర్నూలు, కడపల్లో వాళ్లకు ఫీజులు కట్టే తల్లిదండ్రుల నోటా కౌన్సెలింగ్ గదిలో ఎక్కువగా వినబడేవి ఈ మాటలే. వినడానికి చిన్నవి. మనిషిని మాత్రం ఏళ్ల తరబడి ఒకేచోట కూర్చోబెడతాయి. తిట్టినా పోవు, బతిమాలినా పోవు. వాటి అడుగున ఉన్న నమ్మకం ఎక్కడ తప్పో చూపించి, చేతికి ఒక పని ఇవ్వాలి.

అపోహ: ముందు మనసు కుదరాలి, ధైర్యం రావాలి, ఆ తర్వాతే పని

మిగతా అపోహలన్నింటికీ తల్లివేరు ఇదే. నిజానికి వరస తలకిందులు: పని కొంచెం జరిగాకే ధైర్యం వస్తుంది. ‘నేను చేయగలను’ అనే నమ్మకం ఎక్కడి నుంచి పుడుతుందో అల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త 1977లో నాలుగు దారులుగా చెప్పాడు. తానే చేసి చూసిన పని, తనలాంటివాడు చేయగా చూడటం, ఇతరులు చెప్పే మాట, ఆ సమయంలో తన ఒంటి పరిస్థితి. వీటిలో అన్నింటికంటే బలమైంది మొదటిది. స్ఫూర్తి ప్రసంగం మూడో దారిలోకి వస్తుంది. ఆదివారం వీడియో చూసి పొంగిన ఉత్సాహం మంగళవారానికి చల్లారిపోయేది అందుకే. చేసిన పని ఏదీ వెనక లేనప్పుడు మాట ఒక్కటే ఎంతకాలమని నిలబడుతుంది?

అందుకే మొదటి వారం ఇచ్చే పని బాగా చిన్నది. దానికి రెండు షరతులు. పది నిమిషాల్లో అయిపోవాలి. అయిందో లేదో పక్కవాడు చూసి చెప్పగలగాలి. “ఎకానమీ చదవాలి” అనేది కోరిక. “పాత పేపర్లో మొదటి 10 ప్రశ్నలకు జవాబు పెట్టి, కీతో సరిచూసి, తప్పుపోయిన వాటి నంబర్లు నోట్‌బుక్ చివరి పేజీలో రాయాలి” అనేది పని. ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా అదే వాక్యంలో చేర్చాలి: “రాత్రి అన్నం తిని తట్ట కడిగి పెట్టిన వెంటనే, మిద్దె మీద లైటు కింద కూర్చొని, ఆ 10 ప్రశ్నలు చేస్తాను.” ‘ఇది కాగానే అది’ అనే ఈ పద్ధతిని పీటర్ గోల్‌విట్జర్ 1990లలో పరీక్షించి చూశాడు. ఉత్త సంకల్పం కంటే ఇది మెరుగ్గా పనిచేస్తుందని తేలింది.

చెడేది ఎక్కువగా గడియారం దగ్గర. “తెల్లారి 5కి లేస్తా” అనుకున్నవాడు 6కి మేలుకుంటే, “ఈపొద్దు పాయె” అని రోజు మొత్తం వదిలేస్తాడు. అన్నం మాత్రం ఎనిమిదికైనా పదికైనా తింటాడు కదా, పనిని దానికి ముడివేయాలి. ఇంకో తప్పు, మొదటి రోజు ఊపులో మూడు గంటలు కూర్చోవడం. రెండో రోజు మనసు ఆ మూడు గంటలను గుర్తుచేసి వెనక్కి లాగుతుంది. ఇంకా చేయాలనిపించినా సరే, మొదటి వారం పది నిమిషాలకే పుస్తకం మూసేయాలి.

అపోహ: అంతా తలరాత, ఈ సీమలో పుట్టినందుకు ఇంతే

ఈ మాటను సోమరితనం కింద కొట్టేయడం అన్యాయం. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వాన ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడుతుంది. చెనక్కాయ చేను ఊడలు దిగే వేళకు వాన మొగం చాటేస్తే, ఎంత కష్టపడినా పంట చేతికి రాదు. ఇంట్లో ఏటేటా ఇది చూసిన పిల్లవాడు ‘మన కష్టానికీ ఫలితానికీ సంబంధం లేదు’ అనుకుంటే అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. వానకు వర్తించే ఆ పాఠాన్నే పరీక్షకూ ఇంటర్వ్యూకూ లోన్ దరఖాస్తుకూ అంటగట్టడం దగ్గరే చిక్కు.

1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మైయర్ కుక్కలపై చేసిన ప్రయోగం ఒకటుంది. తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కలను, ఆ తర్వాత చిన్న అడ్డు దాటితే షాకు తప్పే చోట పెట్టారు. చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. తర్వాతి ప్రయోగంలో వాటికి తాడు కట్టి, పదే పదే అడ్డు దాటించాకే తమంతట తాము దాటడం మొదలుపెట్టాయి. 2016లో ఆ ఇద్దరే, మెదడు మీద వచ్చిన కొత్త పరిశోధనలు చూసి, తమ పాత వివరణను తిరగరాశారు. ఆగని కష్టం ముందు చేష్టలుడిగిపోవడం పుట్టుకతో వచ్చేదే. నేర్చుకోవాల్సింది ‘ఇది నా చేతిలో ఉంది’ అన్నదే అని తేల్చారు.

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమపక్క చేతిలో లేనివి రాయండి: వాన, నోటిఫికేషన్ తేదీ, కటాఫ్. కుడిపక్క చేతిలో ఉన్నవి: ఈ వారం రాసే మాక్ టెస్టులు, సలహా అడగగలిగిన ఇద్దరు సీనియర్లు, ఇంకా తేవాల్సిన సర్టిఫికెట్లు. ఎడమపక్క ఉన్నవి ‘అదంతా సాకు’ అని ఎవరూ కొట్టేయకూడదు, అవి నిజాలు. కుడిపక్క నుంచి ఒక్కటి తీసి, పైన చెప్పిన ‘ఇది కాగానే అది’ వాక్యంలో పెట్టాలి.

అపోహ: 21 రోజులు వరసగా చేస్తే అలవాటైపోతుంది

ఈ అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాతల నుంచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించాడు. నోళ్లలో నాని ‘కనీసం’ రాలిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలిస్తే, అలవాటు కుదరడానికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని తేలింది. నడిమి అంకె 66. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులోనే కనబడింది. 22వ రోజున “నాకు ఇంకా అలవాటు కాలేదు, నాలోనే లోపం” అని మానేసేవాళ్లు ఈ రెండు సంగతులూ తప్పక తెలుసుకోవాలి.

అపోహ: మావోని తలకెక్కదు

చాలాసార్లు లోపం తలలో ఉండదు, చదివే తీరులో ఉంటుంది. ఒకే పాఠాన్ని నాలుగుసార్లు చదివితే ‘వచ్చేసింది’ అనిపిస్తుంది. రోడిగర్, కార్పిక్ 2006లో విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. నాలుగుసార్లు చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత మాత్రం వాళ్లకు 40 శాతమే మిగిలింది. ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకొని రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది.

చేయాల్సింది ఇదీ. రెండు పేజీలు చదవండి. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. తెరిచి, రాయనివి ఎర్రపెన్నుతో చేర్చండి. మరుసటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 21వ రోజు మళ్లీ తెల్లకాగితంతో మొదలుపెట్టండి. మొదటిసారి కాగితం సగం కూడా నిండదు. అది చూసి భయపడి మళ్లీ చదువుడికే వెళ్లిపోతారు చాలామంది. తల గీరుకుంటూ వెతుక్కునే ఆ కాసేపే జ్ఞాపకం గట్టిపడే సమయం.

తల్లిదండ్రులకు ఒక మాట. “మావాడు చురుకప్పా” అని మెచ్చుకోవడమూ మేలు కాదు. 1998లో మ్యూలర్, డ్వెక్ ప్రయోగాల్లో, ‘తెలివైనవాడివి’ అనే పొగడ్త విన్న పిల్లల్లో ఎక్కువమంది ఆ తర్వాత సులువైన ప్రశ్నలే ఎంచుకున్నారు. ఒకసారి ఓడాక ఇంకా వెనకబడ్డారు. “ఈ లెక్క ఎట్లా పట్టుకున్నావు, చెప్పు” అని అడగండి. అయితే ‘తెలివి పెరుగుతుంది’ అని ఒక క్లాసు చెప్పి వదిలేస్తే దక్కే ఫలితం చిన్నదే. చదివే తీరు కూడా మార్పించాలి.

అపోహ: తప్పు మాట్లాడితే నలుగురూ నవ్వుతారు, జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు

2000లో థామస్ గిలోవిచ్ బృందం, సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు వేయించి విద్యార్థులను మరికొందరున్న గదిలోకి పంపింది. సగంమంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. గమనించింది నాలుగో వంతే.

తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు దగ్గరే ఈ భయం ఎక్కువ. ఉచ్చారణ చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లలా రాకపోవచ్చు. మాటలు, వాక్యాలు ఏ వయసులోనైనా వస్తాయి. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు మొదలుపెట్టింది పద్దెనిమిదేళ్లు దాటాకే, అయినా తెలుగు నిఘంటువు కూర్చాడు.

భయాన్ని మెట్లుగా విడగొట్టాలి. ఒక్కో మెట్టుకు సున్నా నుంచి వందలో ఎంత భయమో రాయాలి. గదిలో ఒక్కరే గట్టిగా రెండు నిమిషాలు చదవడం 20, రికార్డు చేసి స్నేహితుడికి పంపడం 35, కస్టమర్ కేర్‌తో ఇంగ్లీషులో మాట్లాడటం 55, క్లాసులో ఒక ప్రశ్న అడగడం 70, మాక్ ఇంటర్వ్యూ 85, ఇట్లా. భయం సగానికి తగ్గేదాకా ఒకే మెట్టు మళ్లీ మళ్లీ ఎక్కాలి. ఎక్కేముందు “ఎంతమంది నవ్వుతారు?” అని ఒక అంకె రాసుకోవాలి, దిగాక నిజంగా లెక్కపెట్టి పక్కన వేయాలి. భయం మంచి జోరుమీద ఉన్నప్పుడు లేచి వచ్చేస్తే ‘పారిపోతేనే బతికాను’ అని మనసు నేర్చుకుంటుంది, తర్వాతిసారి భయం పెరుగుతుంది. మాట్లాడాల్సిన చోట తలవంచి కాగితం చూసి చదివేస్తే మెట్టు ఎక్కినట్టు లెక్క కాదు.

అపోహ: వాయిదా వేసేవాడు సోమరి

వాయిదా వేసేవాడు ఎక్కువగా తప్పించుకునేది పనిని చూస్తే కలిగే భయం, విసుగు, సిగ్గు. ఫోన్ తీయగానే అవి కాసేపు తగ్గుతాయి, అందుకే చెయ్యి మళ్లీ ఫోన్ మీదికే పోతుంది. ‘ఈ పనిలో నాకు బాధ పెట్టేది ఏది?’ అని ఒక్క లైను రాసి, ఆ భాగాన్నే ఐదు నిమిషాల ముక్కగా కోయాలి. ఫోన్ వేరే గదిలో ఉండాలి, బోర్లా పెట్టడం చాలదు.

రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి చెడటం, చచ్చిపోవాలనే ఆలోచనలు రావడం వైఖరికి సంబంధించిన సంగతి కాదు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. ఇంట్లోవాళ్లు “లేచి పని చూసుకో” అనడం ఆపి, మానసిక వైద్యుల దగ్గరికి తోడుగా వెళ్లాలి. చచ్చిపోవాలనే ఆలోచన ఉంటే మాత్రం రెండు వారాలు చూడొద్దు, ఆ రోజే తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు 14416. రాత్రి పగలు ఏ వేళకైనా చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.