టోనర్ ట్రాన్స్‌ఫర్ పీసీబీ: తప్పంతా పేపర్‌దేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే నా వాట్సాప్ నిండా ఒకే రకం ఫోటోలు. పీసీబీ, అంటే సర్క్యూట్ బోర్డు మీద సగం ట్రాకులు (తీగల బదులు ఉండే గీతలు) అంటుకుని ఉంటాయి, మిగతా సగం పేపర్‌తో పాటే లేచిపోయి ఉంటాయి. కింద ప్రశ్న కూడా మారదు: "అన్నా, ఏ పేపర్ వాడాలి?" నేను మాత్రం బోర్డు దేంతో తోమావని అడుగుతాను. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. అందరి కళ్లూ పేపర్ మీదే, రాగి సంగతి ఎవరికీ పట్టదు.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సర్క్యూట్ డిజైన్‌ను లేజర్ ప్రింటర్‌తో నున్నటి పేపర్ మీద ప్రింట్ తీస్తాం. రాగి పూత ఉన్న బోర్డు మీద ఆ పేపర్‌ను బోర్లా పెట్టి ఇస్త్రీ పెట్టెతో అదుముతాం. వేడికి టోనర్ (లేజర్ ప్రింటర్‌లోని నల్లపొడి) మెత్తబడి రాగికి అంటుకుంటుంది. పేపర్ తీసేసి, రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో వేస్తే టోనర్ కింద ఉన్న రాగి నిలుస్తుంది, మిగతాది కరిగిపోతుంది.

అపోహ: పసుపు ట్రాన్స్‌ఫర్ పేపర్ ఉంటేనే బోర్డు బాగా వస్తుంది

పసుపు పేపర్‌కు ఒకవైపు జారుడు పూత ఉంటుంది. ప్రింటర్‌లో టోనర్ దాని మీద కూర్చుంటుందే తప్ప గట్టిగా పట్టుకోదు. పేపర్ చేయాల్సిన పని టోనర్‌ను వదిలేయడం. పట్టుకోవాల్సింది రాగి. రాగి మీద వేలి జిడ్డు ఉంటే ఎంత ఖరీదైన పేపరైనా ఏం చేస్తుంది?

దాని లాభం వేరే ఉంది. నానబెట్టే పని ఉండదు. బోర్డు పూర్తిగా చల్లారాక ఒక మూల పట్టుకుని లాగితే పొడిగానే ఊడి వస్తుంది. అదే నున్నటి మ్యాగజైన్ కాగితం అయితే, గిన్నెలు కడిగే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసిన నీళ్లలో ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నాననిచ్చి, బొటనవేలితో మెల్లగా రుద్దుతూ పొరలు పొరలుగా తీయాలి. బోర్డు ఆరాక చూస్తే తెల్లటి పీచు కనిపిస్తుంది. టోనర్ మీద ఉన్న పీచుతో నష్టం లేదు. రెండు ట్రాకుల మధ్య ఉన్నదే ప్రమాదం, అక్కడికి ద్రావణం చేరక రాగి మిగిలిపోయి షార్ట్ అవుతుంది. దాన్ని తీయడానికే పాత టూత్‌బ్రష్.

ఓపిక ఉంటే మ్యాగజైన్, లేదంటే పసుపు పేపర్. తేడా అంతే. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను. ఇంక్‌జెట్ కోసం అమ్మే ప్లాస్టిక్ పూత ఫోటో పేపర్లను లేజర్ ప్రింటర్‌లో పెట్టకండి. ఆ పూత లోపల ఫ్యూజర్ రోలర్ (టోనర్‌ను వేడితో కాగితానికి అతికించే రోలర్) వేడికి కరిగి అంటుకుంటే బోర్డు కంటే ముందు ప్రింటర్ పోతుంది. పసుపు పేపర్ ముక్కను ఏ4 షీటు మీద అతికించి పంపేటప్పుడు కూడా మామూలు ప్లాస్టిక్ టేప్ కాకుండా కాగితం టేపే వాడండి. ముందుగా లోపలికి వెళ్లే అంచుకు అతికిస్తే చాలు. నున్నటి వైపు వేలు పెట్టొద్దు.

అపోహ: కొత్త బోర్డు శుభ్రంగానే ఉంటుంది కదా, తోమక్కర్లేదు

ఇక్కడ కాస్త ఆగుదాం. పాడైన బోర్డుల్లో చాలావాటి కథ ఇక్కడే ముగుస్తుంది.

షాపులో ఎంతమంది చేతులు పడ్డాయో తెలియని రాగి అది. మెరుస్తున్నంత మాత్రాన శుభ్రమని కాదు. ఆకుపచ్చ స్క్రబ్బర్, గిన్నెలు తోమే పౌడర్ తీసుకుని కుళాయి కింద ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తోమండి. రాగి గులాబీ రంగుకు తిరిగి సన్నటి గీతలు పడతాయి. ఆ గీతలు కావాలి, టోనర్‌కు పట్టు అక్కడే దొరుకుతుంది. కడిగాక బోర్డును కాస్త వంచి చూడండి. నీళ్లు ఒకే పలుచటి పొరలా రాగి అంతటా పరుచుకుని ఉంటే పని అయినట్టు. తామరాకు మీద నీళ్లలా బొట్లుబొట్లుగా విడిపోతుంటే ఆ చోట ఇంకా జిడ్డు ఉన్నట్టు, మళ్లీ తోమాల్సిందే. తర్వాత టిష్యూతో ఆర్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, అక్కడి నుంచి అంచులు మాత్రమే పట్టుకోవాలి.

అంచులంటే గుర్తొచ్చింది. హ్యాక్సా బ్లేడుతో కోసిన బోర్డు అంచు మీద గోరుతో రాసి చూడండి, పైకి లేచిన సన్నటి పొరుకు (బర్) తగులుతుంది. ఇస్త్రీ పెట్టె ఆ పొరుకు మీద ఆనుకుని నిలబడుతుంది. దాంతో అంచుకు దగ్గర్లో పేపర్ రాగికి తగలనే తగలదు. "చుట్టూ ట్రాకులు పోతున్నాయి, మధ్యలో బాగానే ఉంది" అని ఎవరైనా అంటే ముందు ఆకురాయి పెట్టి అంచులు రుద్దమంటాను. ఆ తర్వాత మళ్లీ తోమాలి మరి, రజను ఉండిపోతుంది.

అపోహ: ఇంక్‌జెట్ ప్రింట్‌తోనూ అవుతుంది

కాదు. ఇంక్‌జెట్ సిరా కాగితంలోకి ఇంకిపోయే ద్రవం, వేడి చేస్తే కరిగి వేరే చోట అంటుకోదు. టోనర్ సిరా కాదు, రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. పద్ధతంతా ఆ ప్లాస్టిక్ మీదే నడుస్తుంది.

చాలామందికి తెలియని ముచ్చట ఒకటి. జిరాక్స్ యంత్రానికి మూలమైన ప్రయోగాన్ని చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చేశాడు. గంధకం పూసిన జింకు పలక మీద లైకోపోడియం పొడితో అక్షరాలు తేల్చి, వాటిని మైనపు కాగితం మీదికి ఎక్కించి, కాగితాన్ని వేడి చేసి ఆ పొడిని అంటుకునేలా చేశాడు. పొడి బొమ్మను వేడితో అతికించడం అప్పుడే ఉందన్నమాట. మనం మైనపు కాగితం బదులు రాగి పెట్టుకున్నాం.

అపోహ: లేజర్ ప్రింటర్ ఏదైనా ఒకటే

టోనర్లన్నీ ఒకే వేడికి మెత్తబడవు. కొన్ని కంపెనీల టోనర్‌కు వేడి ఎక్కువ కావాలి, రీఫిల్ పౌడర్ పోయించిన కార్ట్రిడ్జ్ ఎలా ప్రవర్తిస్తుందో ముందే చెప్పలేం. ఒక ప్రింటర్‌తో కుదిరిన లెక్క ఇంకోదానికి పనికిరాకపోవచ్చు. కాబట్టి ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. సెట్టింగుల్లో టోనర్ సేవ్ ఆపేయండి, నలుపు గరిష్ఠంగా పెట్టండి, స్కేల్ కచ్చితంగా 100 శాతం ఉండాలి. "ఫిట్ టు పేజ్" టిక్ ఉండిపోయి బోర్డంతా అయ్యాక ఐసీ (చిప్) కాళ్లు రంధ్రాల్లో కూర్చోక బాధపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. మామూలు కాగితం మీద ఒక ప్రింట్ తీసి, థర్మకోల్ మీద పరిచి, ఐసీని, కనెక్టర్లను గుచ్చి చూస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఇంట్లో ప్రింటర్ లేకపోతే జిరాక్స్ షాపు ఉందిగా. ఫోటోకాపీ యంత్రంలోనూ టోనరే. పసుపు పేపర్ చూడగానే షాపాయన మిషన్ పాడవుతుందని భయపడతాడు. ఆ భయం అర్థంలేనిదేమీ కాదు. ఏ4 మీద శుభ్రంగా అతికించి తీసుకెళ్తే సాధారణంగా ఒప్పుకుంటారు.

అపోహ: మిర్రర్ పెట్టి (అద్దంలోలా తిప్పి) ప్రింట్ తీయడం తప్పనిసరి

ఈ ఒక్క మాట నమ్మి తిరగబడిన బోర్డులు చేసినవాళ్లు ఎంతమందో. డిజైన్ సాఫ్ట్‌వేర్ బోర్డును పైనుంచి చూపిస్తుంది. కింది లేయర్ ట్రాకులు కూడా బోర్డులోంచి చూసినట్టే కనిపిస్తాయి, అంటే అప్పటికే తిరగబడి ఉన్నాయి. పేపర్ బోర్లా పడ్డప్పుడు అవి సరిగ్గా వస్తాయి. కాబట్టి ఒకే వైపు రాగి ఉన్న బోర్డుకు, అంటే కింది లేయర్‌కు, మిర్రర్ అక్కర్లేదు. పై లేయర్‌కు కావాలి. గందరగోళం వద్దనుకుంటే రాగి లేయర్‌లోనే మీ పేరు రాసుకోండి. పేపర్ మీద పేరు తిరగబడి కనిపించాలి. సరిగ్గా చదవగలుగుతున్నారంటే ఆ ప్రింట్ పనికిరాదు.

అపోహ: ఎంత వేడి, ఎంత బలం పెడితే అంత గట్టిగా అంటుకుంటుంది

వేడి తక్కువైతే అంటుకోదు, నిజమే. ఎక్కువైతే టోనర్ చితికి పక్కకు పాకుతుంది, దగ్గర దగ్గర ట్రాకులు కలిసిపోతాయి. హైలామ్ (కాగితం, రెసిన్‌తో చేసే చవక రకం) బోర్డయితే రాగి బుడగలా ఉబ్బుతుంది కూడా. అందుకే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా గ్లాస్ ఎపాక్సీ (గాజు పీచు) బోర్డే అడగమంటాను.

ఇస్త్రీ పెట్టె కాటన్ మీద పెట్టండి, ఆవిరి వద్దు. అడుగున ఆవిరి రంధ్రాలు లేని పాత రకం పెట్టె అయితే ఇంకా మంచిది, రంధ్రాలున్న చోట ఒత్తిడి పడదు. రాగి వేడిని చుట్టూ లాగేస్తుంది కాబట్టి పేపర్ పెట్టకముందే బోర్డును అరనిమిషం వేడి చేయండి. పని వంటగది గ్రానైట్ గట్టు మీద చేయొద్దు, మీరు ఇచ్చే వేడంతా ఆ రాయి తాగేస్తుంది. ప్లైవుడ్ ముక్క మీద నాలుగు కాగితాలు పరిస్తే చాలు. పేపర్ అంటుకునేదాకా పెట్టెను జరపకుండా నిలువునా అదమాలి. తర్వాత మొనతో అంచులు, మూలలు.

లామినేటర్ ఉంటే ఒత్తిడి సమానంగా పడుతుంది. కాకపోతే ఆఫీసుల్లో వాడే చవక లామినేటర్ అంత వేడెక్కదు, పైగా 1.6 మి.మీ. బోర్డు దాని రోలర్లకు మందం. 0.8 మి.మీ. బోర్డు తీసుకుని మళ్లీ మళ్లీ పంపితే పని అవుతుంది.

అపోహ: సన్నటి ట్రాకులు, ఎస్ఎండీ భాగాలు ఇంట్లో కుదరవు

10 మిల్, అంటే పావు మిల్లీమీటర్ ట్రాక్ చేయి తిరిగాక నమ్మకంగా వస్తుంది. మొదటిసారికి 20 మిల్‌తో మొదలుపెట్టండి. ఎస్ఎండీ, అంటే రంధ్రాల్లో దూర్చకుండా రాగి మీదే సోల్డర్ చేసే చిన్న భాగాలు, అయితే నా దృష్టిలో ఇంట్లో చేసే బోర్డుకు ఇంకా సుఖం. రంధ్రాలు వేయక్కర్లేదు! 1.27 మి.మీ. దూరంలో కాళ్లుండే ఐసీలు, 0805 సైజు రెసిస్టర్లు టోనర్ పద్ధతికి కష్టమేమీ కాదు.

నిజమైన ఇబ్బంది డ్రిల్లింగ్‌లోనే. ఐసీలకు, మామూలు రెసిస్టర్లకు 0.8 మి.మీ. బిట్; 1ఎన్4007 లాంటి లావు కాళ్ల డయోడ్లకు, పిన్ హెడర్లకు 1 మి.మీ. బిట్ సరిపోతుంది. గ్లాస్ ఎపాక్సీ మామూలు స్టీలు బిట్‌ను త్వరగా మొద్దు చేస్తుంది. కార్బైడ్ బిట్ అంత త్వరగా మొద్దుబారదు కానీ చేత్తో పట్టుకున్న డ్రిల్ కాస్త పక్కకు వంగినా పుటుక్కున విరుగుతుంది. ప్యాడ్ (కాలును సోల్డర్ చేసే రాగి చుక్క) మధ్యలో చిన్న రంధ్రం డిజైన్‌లోనే వదిలితే రాగి కరిగాక అక్కడ గుంట పడి బిట్ జారకుండా కూర్చుంటుంది. గాజు పీచు ధూళి పీల్చకూడదు, మాస్క్ పెట్టుకోండి.

అపోహ: ఫెర్రిక్ క్లోరైడ్ ఎంత చిక్కగా ఉంటే అంత త్వరగా కరుగుతుంది

త్వరపెట్టేది చిక్కదనం కాదు, వెచ్చదనం, కదలిక. 40, 50 డిగ్రీల దగ్గర పని చురుగ్గా సాగుతుంది. ప్లాస్టిక్ టబ్‌ను వేడినీళ్ల బేసిన్‌లో కూర్చోబెడితే సరి, స్టవ్ మీద పెట్టకండి. స్టీలు, అల్యూమినియం గిన్నెలు అసలే వద్దు, బోర్డు కంటే ముందు గిన్నె కరుగుతుంది. కలిపేటప్పుడు నీళ్లలో పొడిని కొంచెం కొంచెంగా వేయాలి, బాగా వేడెక్కుతుంది, ఘాటు పొగ వస్తుంది. బోర్డును రాగి వైపు కిందికి ఉండేలా వేలాడదీస్తే కరిగిన రాగి బరువుకు కిందికి దిగిపోయి కొత్త ద్రావణం తగులుతూ ఉంటుంది. మధ్యమధ్యలో తీసి చూడండి. రాగి పోయాక కూడా వదిలేస్తే టోనర్ అంచుల కింద నుంచి తినడం మొదలవుతుంది, సన్న ట్రాకులు ముందుగా తెగుతాయి.

బాత్‌రూమ్ యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే చిటికెలో అవుతుందని వీడియోలు తిరుగుతున్నాయి. అవుతుంది. దాంతో పాటు ఆమ్లం పొగ, క్లోరిన్ కూడా వస్తాయి. గదిలో ఉన్న స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు తుప్పు పడతాయి, మరి ఊపిరితిత్తుల సంగతి? మిగిలింది బిగుతు మూత సీసాలో పోసి దాచారంటే లోపల గ్యాస్ ఊరి సీసా పగిలే ప్రమాదం ఉంది. హాస్టల్ గదిలో ఈ పని చేయొద్దు.

వాడిన ఫెర్రిక్ క్లోరైడ్‌ను సింకులో పోయడం ఇంకో చెడ్డ అలవాటు. అందులో కరిగిన రాగి చేపలకు, నీటి జీవులకు విషం. పైగా ద్రావణం లోహపు పైపులను తింటుంది. నిజానికి ఒకసారి కలిపింది చాలా బోర్డులకు వస్తుంది, పని నెమ్మదించేదాకా ప్లాస్టిక్ డబ్బాలో దాచుకోవచ్చు. ఇక పనికిరాదు అనుకున్నాక పెద్ద టబ్‌లో పోసి, నురగ రావడం ఆగేదాకా వాషింగ్ సోడా కొద్దికొద్దిగా కలిపితే మడ్డి అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని ఇంటి చెత్తలో వేయకుండా కాలేజీ ల్యాబ్ రసాయన వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వండి.

అపోహ: ఇంట్లో చేసుకుంటేనే చవక

రాత్రి ఆలోచన వచ్చి పొద్దున్నకల్లా బోర్డు కావాలంటే ఇంతకు మించిన దారి లేదు. అదే బోర్డు పది కావాలంటే మాత్రం ఫ్యాక్టరీలో చేయించుకోండి. రంధ్రాల లోపల రాగి పూత, పైన ఆకుపచ్చ మాస్క్ (రాగిని కప్పే రక్షణ పూత) ఇంట్లో టోనర్‌తో రావు. రెండు వైపుల బోర్డు చేయొచ్చు కానీ ప్రతి వయా (రెండు వైపుల రాగిని కలిపే రంధ్రం) దగ్గర తీగ ముక్క దూర్చి రెండు పక్కలా సోల్డర్ చేయాలి. ఆ ఓపికకు లెక్క కట్టరు ఎవరూ.

అపోహ: ఇంటి బోర్డు కరెంటు మోయలేదు

మోస్తుంది. బోర్డు మీద రాగి మందం సాధారణంగా 35 మైక్రాన్లు, ఫ్యాక్టరీ బోర్డుకూ అంతే. 1 మి.మీ. వెడల్పు ట్రాక్ పెద్దగా వేడెక్కకుండా రెండు ఆంపియర్లు మోస్తుంది. ఎక్కువ కావాలంటే ట్రాక్ వెడల్పు చేసి మీద సోల్డర్ పరచండి. జాగ్రత్త పడాల్సింది 230 వోల్టుల దగ్గర. ఇంటి బోర్డుకు మాస్క్ ఉండదు, తేమ, దుమ్ము నేరుగా రాగి మీదే కూర్చుంటాయి. కంటికి కనిపించని రాగి మరక ట్రాకుల మధ్య మిగిలి ఉన్నా తెలియదు. మెయిన్స్ (ఇంటి కరెంటు) వైపుకూ చేయి తగిలే వైపుకూ మధ్య కనీసం 6 మి.మీ. ఖాళీ వదలాలి, కుదిరితే ఆ మధ్యలో బోర్డునే చీలికగా కోయాలి. ప్లగ్ పెట్టేముందు మల్టీమీటర్‌తో ఆ రెండు వైపుల మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి) లేదని చూసుకోవాలి. మొదటి బోర్డు చేస్తున్న కుర్రాళ్లకైతే మెయిన్స్ జోలికే వెళ్లొద్దంటాను. రెడీమేడ్ 5 వోల్టుల అడాప్టర్ పెట్టుకుంటే సరిపోతుంది.