అడంగల్‌లో చోటు లేని కౌలుదారు

గోదావరి డెల్టాలో అవినీతికీ ఆదాయాల్లోని అంతరానికీ ఉన్న ముడి చేతులు మారిన సొమ్ములో కన్నా భూమి కాగితంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువ నీటితో భూముల విలువ పెరిగింది. ఆ విలువతో పిల్లలను చదివించుకున్న కుటుంబాలు క్రమంగా పట్టణాలకు తరలి, పొలాలను కౌలుకిచ్చాయి. ఏ పొలం ఎవరిదో, ఎవరు దున్నుతున్నారో రాసే అధికారం మాత్రం కరణం చేతిలోనే ఉండేది. భూమి ఉన్నవారికి ఆయన ఇంటిమనిషి, లేనివారికి దొర. 1984లో ఆ పదవులు రద్దయినా, సాగుదారు పేరు అడంగల్‌కు, అంటే ఏ పొలాన్ని ఎవరు సాగుచేస్తున్నారో రాసే గ్రామ రికార్డుకు, ఎక్కాలంటే ఎవరినో ఒకరిని ప్రసన్నం చేసుకోక తప్పని స్థితి తొలగిపోలేదు.

కౌలుదారును ఇష్టానుసారం తొలగించకుండా 1956లో ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం వచ్చింది. రాసిస్తే హక్కు పుడుతుందన్న భయంతో యజమానులు కౌళ్లను నోటిమాటకు మార్చారు. రక్షించవలసిన చట్టమే కౌలుదారును కాగితం నుంచి తప్పించిందనడం పూర్తిగా న్యాయం కాకపోవచ్చు, కానీ దాన్ని అమలు చేయించే బలం అతనికి ఎన్నడూ లేదు. 1973 నాటి భూపరిమితి చట్టాన్ని తప్పించుకోవడానికి బంధువుల పేర్లూ బినామీ పేర్లూ రికార్డులకెక్కాయి. ఉన్న పేరు దాచడానికీ, లేని పేరు రాయడానికీ అదే పుస్తకం పనికివచ్చింది.

దీని ఫలితం ఏటా కనిపిస్తుంది. సార్వా (ఖరీఫ్) దిగుబడిలో అధిక భాగం చాలాచోట్ల కౌలు బస్తాలకే పోతుంది; దాళ్వా (రబీ)లో మిగిలినదే కౌలుదారుకు దక్కేది. తక్కువ వడ్డీ పంట రుణం పట్టాదారు పాస్‌బుక్ ఉన్న యజమానికి అందుతుంటే, పెట్టుబడి పెట్టి నష్టాన్ని భరించే కౌలుదారు మిల్లరు దగ్గరో, ఎరువుల వ్యాపారి దగ్గరో అప్పు చేసి, పండిన ధాన్యాన్ని వారు చెప్పిన ధరకే తూస్తాడు. తుపాను వస్తే పరిహారం జాబితా కూడా రికార్డును బట్టే తయారవుతుంది. అందులో పేరు చేర్పించుకోవడానికి ఇచ్చే మామూలు పది ఎకరాల ఆసామికి చిల్లర ఖర్చు, రెండెకరాల కౌలుదారుకు ఆ పంటలో మిగులు.

2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించిందీ ఆ ఏడాదే. ఆ నిర్ణయంలో కూలీలకు పాత్ర లేకపోయినా పని పోయింది వారికి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలలు చెల్లే సాగుదారు కార్డును యజమాని సంతకంతో ముడిపెట్టింది. కార్డు కోసం పట్టుబట్టినవాడికి మరుసటి ఏడు పొలం దొరకదన్న భయం ఉన్నచోట ఆ సంతకం అడిగేవారు తక్కువ.