కరువు జిల్లాలో వరద ఎందుకొచ్చింది?

పిల్లలూ,

అనంతపురంలో ఆరో తరగతి చదివే పాప ఒకటి అడిగింది. "తాతా, మనది కరువు జిల్లా అని టీచర్ చెప్పారు. మరి 2022 అక్టోబరులో ఊళ్లో పారే నడిమివంక వాగు పొంగి మా వీధిలోకి నీళ్లెట్లా వచ్చాయి? అప్పుడు నేను చిన్నదాన్ని, నాన్న భుజాల మీద ఎక్కించుకుని బయటికి తెచ్చాడంట."

మంచి ప్రశ్న తల్లీ. మన అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చాలా తక్కువ. కానీ ఎంత పడిందన్నది ఒక్కటే చూస్తే లాభం లేదు. ఎట్లా పడింది, దేని మీద పడింది అన్నవి కూడా చూడాలి.

మీ అవ్వ జొన్నరొట్టె చేసేటప్పుడు పక్కన కూర్చోండి. పళ్లెంలో పిండి పోసి, నడుమ గుంట చేసి, వేన్నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తుంది. పిండి తాగుతుంది. తాగేదాకా ఆగి మళ్లీ పోస్తుంది. అదే చెంబెడు నీళ్లు ఒక్కసారి కుమ్మరిస్తే పిండి గట్టు తెగి, నీళ్లు పళ్లెం దాటి నేల మీదికి పోతాయి. పైన తడి, లోపల పొడి పిండి అట్లాగే ఉంటుంది. నీళ్లు తగ్గలేదు, పిండి మారలేదు. పోసిన తీరు మారిందంతే.

మన నేల ఆ పిండి. ఇప్పుడు గాలి వేడెక్కుతోంది. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే గాలి ఇంచుమించు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. అందుకే నెలల తరబడి చినుకు లేకుండా ఉండి, ఒక్క రాత్రిలో కుండపోతగా కురిసే వానలు ఎక్కువవుతున్నాయి. చెంబు వంచే చెయ్యి తొందరపడుతోంది.

ఇక పిండి సంగతి. కాలనీ వేసి, సిమెంటు రోడ్డు పోసిన చోట పిండే లేదు, ఉత్త పళ్లెం మిగిలింది. దాని మీద ఎంత మెల్లగా పోసినా నీళ్లు జారిపోవాల్సిందే. గుట్టల మీద చెట్టూ కంపా నరికితే పిండి కొట్టుకుపోయి నడుమ గుంటలో చేరుతుంది. ఆ గుంటే మన చెరువు. గుంట పూడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి?

మా ఊరి చెరువు గుర్తొస్తోంది. ఎండాకాలం చెరువు ఎండగానే రైతులు బండ్లు కట్టి, అడుగున ఉన్న పూడికమట్టి ఎత్తి చేలకు తోలుకునేవాళ్లు. చేనుకు బలం, చెరువుకు లోతు. తూము దగ్గర నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో ఆయనకే తెలుసు, ఎంత పెద్ద రైతైనా ఆయన మాట వినాల్సిందే. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు బయటికి పోయే మరువ పారిన రోజు ఊరంతా పండగ. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో గంగపూజకు వచ్చేవాళ్లు, మేము కింద కాలువలో పంచె పట్టి చేపల కోసం దేవులాడేవాళ్లం. చెరువు నిండితే కింద బావుల్లో నీళ్లు చేతికందేవి. తర్వాత బోర్లొచ్చాయి. చెరువుతో పనేముందనుకున్నారు జనం. వంకలు ముళ్లకంపతో మూసుకుపోయాయి, మట్టి తీసేవాళ్లు లేకపోయారు.

మన పెద్దలకు ఈ విషయం బాగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం రాతి మీద చెక్కి ఉంది. రోజుకు వెయ్యిమంది మనుషులు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాశారు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పి, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట కారడం ఒక దోషం, చవిటి నేల ఒకటి. నన్ను ఆపేసినవి మాత్రం వేరే రెండు. నీళ్లు తక్కువై నేల విస్తారంగా ఉండటం ఒక దోషం. చోటు తక్కువై నీళ్లు ఎక్కువ రావడం ఇంకో దోషం.

చూశారా! ఒకటి మన కరువు, ఇంకోటి మన వరద. ఒకే చెరువుకు ఈ రెండూ పట్టేటట్టు మనమే చేసుకున్నాం. పైనుంచి నీళ్లు తెచ్చే వంకలు మూసేశాం, కాబట్టి మామూలు ఏడాది చెరువు నిండదు. నీళ్లు పరుచుకునే చోట ప్లాట్లు వేశాం, కాబట్టి కుండపోత పడ్డ రోజు వాటికి చోటు లేదు. 2021 నవంబరులో పైనుంచి ఒక్కసారిగా వచ్చిన నీళ్లు పట్టక, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కింది ఊళ్లలో ప్రాణాలు పోయాయి. ఆ ఊళ్లవాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు.

ఒక మాట పిల్లలూ, వంక పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లను ఎప్పుడూ నిందించకండి. బీదవాళ్లకు అక్కడే స్థలం అందుబాటులో దొరికింది. వంకను ప్లాట్లు చేసి అమ్మినవాళ్లది తప్పు, చూస్తూ ఊరుకున్న మా పెద్దవాళ్లందరిదీ తప్పు.

ఆకాశంలో ఎక్కడో పుట్టిన చినుకు, మీ వీధి వాలు వెతుక్కుని, వంక పట్టుకుని, పెన్నలో కలిసి, నెల్లూరు దాటి సముద్రానికి పోతుంది. దానికి దారి ఎవరు చెప్పారో తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మీరొక పని చెయ్యండి. వాన వెలిశాక అమ్మనో నాన్ననో తోడు తీసుకుని మీ వీధి నీళ్ల వెంట నడవండి. పారే వంక దగ్గరికి మాత్రం పోవద్దు, దూరం నుంచే చూడండి. నీళ్లు ఎక్కడ ఆగాయి, ఎక్కడ దారి మూసుకుపోయింది, ఏ చెరువుకు చేరాలి, దాని మరువ ఎక్కడుంది? వీధిలో అందరికన్నా పెద్దవాళ్లెవరో వాళ్లనడగండి. బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాత