కిటికీ కారితే సిలికాన్ కొట్టించడం: అన్నిటికన్నా ఖరీదైన అపోహ

జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు వచ్చే ఫోన్లన్నిటిలో ఒకటే మాట. "పాత చెక్క కిటికీలు తీయించి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించాం. నీళ్లు లోపలికొచ్చేస్తున్నాయండీ. ఇంకోసారి సిలికాన్ కొట్టించమంటారా?" అప్పటికే ఒకటి రెండు సార్లు కొట్టించి ఉంటారు. కిటికీ కింద గోడ ఉబ్బి పుట్టీ రాలుతుంటే పెట్టిన డబ్బంతా మట్టిపాలైందేమోనన్న బెంగ ఆ గొంతులో తెలుస్తూనే ఉంటుంది. అంత బెంగ అక్కర్లేదు. చాలా ఇళ్లలో కిటికీ మార్చకుండానే ఇది సర్దుకుంటుంది. సిలికాన్‌తో మాత్రం సర్దుకోదు.

అపోహ: నీళ్లు ఎక్కడ కారితే అక్కడ సిలికాన్ కొడితే ఆగిపోతాయి.

వాస్తవం: స్లైడింగ్ కిటికీ కింది ట్రాక్‌లోకి వాన నీళ్లు రావడం లోపం కాదు. వచ్చిన నీళ్లు బయటికి పోవడానికే కింది ఫ్రేమ్‌లో వీప్ హోల్స్ అనే సన్నటి రంధ్రాలు కొడతారు. సుమారు 5 మి.మీ. వెడల్పు, 25 నుంచి 30 మి.మీ. పొడవు ఉంటాయి. ట్రాక్ అడుగున ఒక వరస, ఫ్రేమ్ బయటి ముఖాన ఇంకో వరస. గాలి నేరుగా లోపలికి తన్నకుండా రెండు వరసలనూ ఎదురెదురుగా కాక కాస్త పక్కకు జరుపుతారు. ఫిట్టరు హడావిడిగా ఫ్రేమ్ కింద సిలికాన్ లాగేటప్పుడు ఈ బయటి రంధ్రాలే ముందు మూసుకుపోతాయి. తర్వాత పెయింటరు పుట్టీతో పూడుస్తాడు. చీమలొస్తున్నాయని ఇంట్లోవాళ్లే గుడ్డపేలిక కుక్కిన కిటికీలూ ఉన్నాయి. దారి మూసుకున్నాక ట్రాక్ నిండుతుంది, నీళ్లు లోపలి అంచు దాటి గదిలోకి దూకుతాయి. అది చూసి లీకేజీ పెరిగిందని మళ్లీ సిలికాన్ కొట్టిస్తారు, మిగిలిన రంధ్రాలూ పోతాయి.

వాన లేని రోజున ఒక మగ్గు నీళ్లు ట్రాక్‌లో పోయండి. ఒకటి రెండు నిమిషాల్లో బయటి రంధ్రాల్లోంచి కారిపోవాలి. నిలిచిపోతే బ్లేడుతో సిలికాన్ కోసి, సన్నటి తీగతో రంధ్రం శుభ్రం చేసి మళ్లీ పోయండి. బయటి రంధ్రాల్లోంచి రాకుండా, ట్రాక్‌లోనూ నిలవకుండా నీళ్లు మాయమైపోతున్నాయా? అప్పుడు అవి స్క్రూ రంధ్రాల్లోంచి గోడలోకి దిగుతున్నాయి. ఇదే అసలు ప్రమాదం. కింది ట్రాక్‌లోంచి నేరుగా కిటికీ కింద పరిచిన గ్రానైట్ పట్టీలోకి స్క్రూ దించితే ఆ రంధ్రం నీటికి దారి అవుతుంది. పక్కల్లో, పైన ఫ్రేమ్‌లోంచే యాంకర్ స్క్రూలు వేసి, కింద మాత్రం ఫ్రేమ్‌కు తొడిగే స్టీలు పట్టీలతో బిగించాలి. తప్పక కింద కూడా స్క్రూ వేయాల్సివస్తే, రంధ్రంలో సిలికాన్ నింపి స్క్రూ దించి, తల మీద మళ్లీ సీల్ చేయాలి. గ్రిల్ బిగించేవాళ్లకు ఈ సంగతి చెప్పకపోతే వాళ్లు కింది ట్రాక్‌కే డ్రిల్ పెడతారు. పక్కన నిలబడి చూసుకోండి.

ట్రాక్ బాగానే ఉన్నా కింద తడొస్తుంటే గోడ మీద వెతకాలి. బయట పైపు పట్టుకుని ఒకరు, లోపల టార్చి పట్టుకుని ఒకరు. కింది నుంచి మొదలుపెట్టండి. ముందు గ్రానైట్ పట్టీ కింద, తర్వాత పట్టీకి ఫ్రేమ్‌కి మధ్య అతుకు, ఆపైన పక్కలు, చివర్న సజ్జ. ఒక్కో చోట ఐదేసి నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా కారి తప్పు ఎక్కడుందో తేలదు. ఎక్కువగా దొరికేవి రెండు. ఒకటి, గ్రానైట్ పట్టీ వాలు లోపలికి ఉండటం. రెండోది, సజ్జ అంచు కింద గాడి లేక నీళ్లు అడుగునే పాకుతూ గోడకు చేరడం. ఈ రెండూ మేస్త్రీ పనులు, ఎన్ని సిలికాన్ ట్యూబులు కొన్నా తీరవు.

మరి సిలికాన్ ఎక్కడ? గోడకి ఫ్రేమ్‌కి మధ్య సందులో. ఆ సందు కావాలని వదిలేదే. పది డిగ్రీల వేడి పెరిగితే యూపీవీసీ మీటరుకు 0.7 నుంచి 0.8 మి.మీ. సాగుతుంది. రెండు మీటర్ల ఫ్రేమ్ తెల్లవారుజామున ఒక కొలత, మే నెల ఎండలో ఇంకో కొలత, తేడా 4 మి.మీ. దాటుతుంది. అందుకే చుట్టూ 5 నుంచి 10 మి.మీ. వదిలి, పీయూ ఫోమ్ (ఉబ్బి సందు నింపే నురగ) నింపి, గట్టిపడ్డాక కోసి, ఫోమ్ తాడు పెట్టి, పైన వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్ వేయాలి. ఫోమ్‌ను ఎండకు వదిలేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. వెనిగర్ వాసనొచ్చే చవక సిలికాన్ సిమెంటు మీద, రాయి మీద నిలబడదు. సందును సిమెంటుతో పూడిస్తే ఫ్రేమ్‌కు సాగే చోటుండదు, రెక్కలు పట్టేస్తాయి.

ఇక తుఫాను సంగతి. అన్నీ సరిగ్గా చేసినా స్లైడింగ్‌కు ఒక హద్దుంది. గంటకు 72 కి.మీ. గాలి తోసే ఒత్తిడి ట్రాక్‌లో దాదాపు 24 మి.మీ. నీటిని నిలబెట్టేస్తుంది. లోపలి అంచు ఎత్తు అంతకన్నా తక్కువైతే నీళ్లు గదిలోకే. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం, కట్టడాల డిజైనుకు లెక్కలోకి తీసుకునే ప్రాథమిక గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. ఒత్తిడి వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది కనుక విశాఖలో అది దాదాపు 30 శాతం ఎక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖలో ఎన్ని అద్దాలు పగలగొట్టిందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సముద్రం వైపు గదులకు కీళ్ల మీద తలుపులా బయటికి తెరిచే కేస్‌మెంట్ రెక్కలు, రబ్బరు గ్యాస్కెట్, నాలుగు వైపులా పట్టే లాక్ పెట్టించండి. స్క్రూలు, కీళ్లు ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 316 రకం అడగండి, ఉప్పుగాలికి 304 కూడా మచ్చలు పడుతుంది.

మిగిలినవి గబగబా.

"యూపీవీసీ మన ఎండలకు కరిగిపోతుంది." కరగదు. వంగిందంటే లోపల ఉండాల్సిన గాల్వనైజ్డ్ స్టీలు వేయలేదని అర్థం. డెలివరీ రోజున అయస్కాంతం పెట్టి చూడండి. పైనున్న రక్షణ ఫిల్మ్ మాత్రం బిగించిన వెంటనే తీయించండి. నెలల తరబడి ఎండలో వదిలేస్తే జిగురు అంటుకుపోయి ఇక ఊడదు.

"డబుల్ గ్లాస్ పెడితే ఎండ వేడి రాదు." మామూలు తెల్ల అద్దాలు రెండు పెట్టినా ఎండ లోపలికి వస్తూనే ఉంటుంది. పడమటి కిటికీకి సోలార్ కంట్రోల్ అద్దం, వీలైతే బయట నీడ కావాలి. రోడ్డు చప్పుడుకైతే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దం, కేస్‌మెంట్ రెక్క. ఏ రకమైనా, టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దాన్ని తర్వాత కోయలేరు, కొలత ముందే సరిగ్గా ఉండాలి.

కొలత గురించి: వెడల్పు పైన, మధ్య, కింద. ఎత్తు ఎడమ, మధ్య, కుడి. వెడల్పుల్లో తక్కువదాంట్లోంచి, ఎత్తుల్లో తక్కువదాంట్లోంచి 10 మి.మీ. చొప్పున తీసి ఆర్డరివ్వాలి. మూల నుంచి ఎదుటి మూలకు రెండు కర్ణాల కొలత తప్పనిసరి, పాత గోడలు నలుచదరంగా ఉండవు.

"పాత చెక్క ఫ్రేమ్ పెకలించి తీస్తే చాలు." ఫ్రేమ్‌ను గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు, హోల్డ్‌ఫాస్ట్‌లు, గోడలో ఉంటాయి, గడ్డపార వేసి లాగితే ఇటుకలతో సహా ఊడొస్తుంది. ఫ్రేమ్‌ను మధ్యలో రంపంతో కోసి, ముక్కలుగా తీసి, హోల్డ్‌ఫాస్ట్‌ను గ్రైండరుతో గోడకు సమంగా కోయాలి. ఇంకో మాట, పాత కిటికీ గ్రిల్ ఆ ఫ్రేమ్‌లోనే ఉండేది. కొత్త గ్రిల్ ఖర్చు కొటేషన్‌లో ఉందో లేదో ముందే అడగండి.

తలుపుల దగ్గర ఒక్కటే. వానాకాలంలో పట్టేసిందని వెంటనే చిత్రిక పట్టించకండి, వేసవికి సందు పడుతుంది. చాలా తలుపులకు పై అంచు, కింది అంచు రంగే వేయరు, తేమ అక్కణ్ణుంచే పీల్చుకుంటుంది. ఎండిన రోజుల్లో రెక్క దించి ఆ రెండు అంచులకూ ప్రైమరు, రెండు కోట్ల పెయింటు వేయించి, మూడు కీళ్ల స్క్రూలూ బిగించి చూడండి. అప్పటికీ రాసుకుంటేనే వడ్రంగిని పిలవండి.