గుప్పెడు బియ్యం, డోలు చుట్టూ పాట

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. ఆదివారం ఆరాధనకు వస్తూనే ఉన్నాం కదా, మళ్ళీ యూత్ కూడిక, స్త్రీల సమాజం, ఇళ్ళల్లో ప్రార్థనలు ఇన్నెందుకు అని అడిగారు. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మన ఊరి సంగతికి వచ్చేముందు మిజోరం సంగతి చెబుతాను. ఉద్యోగరీత్యా ఆ రాష్ట్ర రాజధాని ఐజ్వాల్‌లో ఉన్న రోజుల్లో అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాల మధ్య నేను చూసినవే ఇప్పటికీ నన్ను నడిపిస్తున్నాయి.

1894 జనవరి 11న లొరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు ఆ కొండల్లో అడుగుపెట్టారు. మిజో భాషకు లిపి కుదిర్చింది వాళ్ళే. 1897లో వేల్స్ దేశపు ప్రెస్బిటేరియన్ సంఘం తరఫున డి.ఇ. జోన్స్ వచ్చాడు. వేల్స్ వాళ్ళు అప్పటికే, అంటే 1841 నుంచే, ఖాసీ కొండల్లో పని చేస్తున్నారు. అలా ఉత్తర మిజోరం ప్రెస్బిటేరియన్ అయింది. ఆ పద్ధతిలో బిషప్పులు ఉండరు. సంఘం ఎన్నుకున్న పెద్దలు, పాస్టర్ గారు కలిసి కూర్చుని నిర్ణయాలు తీసుకుంటారు. ఒక పాస్టర్ చేతికింద ఎన్నో గ్రామ సంఘాలుంటాయి, కొండ దారులు. ప్రతి ఆదివారం ప్రతి ఊళ్ళో ఆయన ఉండలేడు. మరి ఆ ఊళ్ళో పసిబిడ్డకు జబ్బు చేస్తే ఎవరు వెళ్ళాలి? పాట ఎవరు ఎత్తుకోవాలి? ఆ ఊరివాళ్ళే. కూడికలు అక్కడ అంతగా వేళ్ళూనడానికి ఈ అవసరమే పెద్ద కారణమని నా నమ్మకం.

మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలోనూ ఆ ప్రెస్బిటేరియన్ వారసత్వం కొంత ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కలిసి దీన్ని ఏర్పరచినవాళ్ళలో దక్షిణ ఇండియా ఐక్య సంఘం వారున్నారు. ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అంతకుముందే ఒకటై పెట్టుకున్న సంఘం అది.

ఇక బియ్యం సంగతి. మిజో ఇంట్లో పొయ్యి దగ్గర అన్నం వండే గిన్నె పక్కనే ఒక డబ్బా ఉంటుంది. ఇల్లాలు ఎసట్లో పోయడానికి బియ్యం కొలుచుకున్నాక, అందులోంచి ఒక గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేస్తుంది. పొద్దున వేస్తుంది, సాయంత్రమూ వేస్తుంది. వాళ్ళు దాన్ని బుహ్‌ఫాయ్ థమ్ అంటారు. స్త్రీల సమాజం వాళ్ళు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తారు, సంఘం అమ్మి ఆ డబ్బును సువార్త పనికి వాడుతుంది. ఇది 1910లో మొదలైంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళ చేతిలో డబ్బు ఆడేది కాదు, బియ్యం మాత్రం వాళ్ళ చేతిమీదుగానే పొయ్యి ఎక్కేది. ఉన్నదాంట్లోంచే ఇచ్చారు. మరుసటి ఏడాదికే అక్కడ వెదురు పూసింది. వెదురు పూస్తే ఎలుకలు విపరీతంగా పెరిగి పంటను ఊడ్చేస్తాయి. 1911–12లో వచ్చిన ఆ కరవును మిజోలు మౌతామ్ అని ఇప్పటికీ తలుచుకుంటారు. అంత కరవు వచ్చిపోయినా ఆ ఆచారం నిలిచింది. ఇవాళ ఆ గుప్పెళ్ళన్నీ కలిసి ఏటా కోట్ల రూపాయలవుతున్నాయి.

మన తెలుగు సంఘాల్లోనూ పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు ఉంది, మీ నానమ్మల్ని అడిగితే చెబుతారు. బియ్యం పోగుచేయడానికి వెళ్ళిన మనిషి సంచీ నింపుకుని వెనక్కి తిరిగిరాదమ్మా. ఆ ఇంట్లో కాసేపు కూర్చుంటుంది, మంచాన ఎవరున్నారో చూస్తుంది, డబ్బా ఈ వారం ఎందుకు వెలితిగా ఉందో అడక్కుండానే గ్రహిస్తుంది. సహవాసం అంటే నాకు అర్థమైంది అదీ. ఇంత భారం మోసిన స్త్రీలకు అక్కడ పాస్టర్లుగా అభిషేకం మాత్రం తరాల తరబడి దక్కలేదు. ఆ మాట చెప్పకుండా వాళ్ళను పొగడటం న్యాయం కాదు.

విందుల సంగతి కూడా వినండి. మిషనరీలు రాకముందు మిజోల్లో కలిగినవాడు ఊరందరికీ వరసగా గొప్ప విందులు పెట్టేవాడు. అడవి దున్నను పోలిన పశువులైన మిథున్‌లను, పందులను కోసేవాడు. ఆ విందులన్నీ పూర్తిచేసినవాడికి థాంగ్‌ఛువా అనే గౌరవం దక్కేది, చచ్చాక పియాల్‌రాల్ అనే సుఖలోకం చేరతాడని నమ్మేవారు. ఊరు తినేది, పేరు ఒక్కడికి వచ్చేది. ఇప్పుడు క్రిస్మస్‌కు సంఘం పెట్టే రువాయ్ అనే విందు చూడండి. ఆరుబయట పెద్ద పెద్ద పాత్రల్లో మగవాళ్ళే వండుతారు. పంది మాంసం కోయడం, కట్టెలు మోయడం కుర్రాళ్ళ పని. అందరిదీ ఒకే కూర, ఒకే అన్నం. పెట్టినవాడి పేరంటూ లేదు, ఎందుకంటే పెట్టింది అందరూ. ఊరంతా కలిసి తినే పాత మక్కువను పారేయకుండా, అందులో ఒక్కడు గొప్ప చాటుకోవడాన్ని మాత్రం తీసేశారు. ఇంతకన్నా తెలివైన మార్పు నేను మరో సంఘంలో చూడలేదు.

పాట కూడా అంతే. మొదట్లో ఖువాంగ్ అనే వాళ్ళ డోలు చర్చికి దూరంగానే ఉంది, పాత తాగుడు పాటల వాసన అందులో ఉందని. 1919లో సంఘాల్లో భక్తి ఉప్పొంగిన ఉజ్జీవం తర్వాత అది లోపలికి వచ్చింది. డోలు నెమ్మదిగా మోగుతుంటే చుట్టూ కూర్చుని పాడతారు, పాట సాగుతున్న కొద్దీ కొందరు లేచి మధ్యలో అడుగు కలుపుతారు. ఆ పాటను లెంగ్‌ఖోమ్ అంటారు. తొందరపడని పాట అది. గొంతు బాగున్నవాళ్ళని ఎంచి పాడించడం అందులో ఉండదు, వచ్చినవాళ్ళంతా పాడాల్సిందే.

ఈ పాటకు అసలు బలం చావు ఇంట్లో తెలుస్తుంది. ఒక ఇంట్లో మనిషి పోతే ఆ రాత్రికే ఊరు చేరుతుంది. యువకులు గొయ్యి తవ్వుతారు. అంత్యక్రియలు అయ్యాక కూడా కొన్ని రాత్రుళ్ళు ఆ ఇంటికి వెళ్ళి పాడతారు, టీ తాగుతారు, కొందరు కుర్రాళ్ళు అక్కడే పడుకుంటారు. మా పక్కింటి పెద్దాయన పోయినప్పుడు నేనూ వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. భాష రాదు, పాట రాదు. నా చేతికి టీ కప్పు ఇచ్చి, పాటల పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టి, వేలితో వరస చూపించాడొక కుర్రాడు. మీ వయసువాడే. ఓదార్చే మాట ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. పోయినాయన భార్య, ఆ పెద్దావిడ మాత్రం మూడో పాటకి తనూ గొంతు కలిపింది. యువజన సంఘంలో ఏళ్ళ తరబడి ప్రతి వారం కూడినందుకే ఆ కుర్రాడికి ఏం చెయ్యాలో తెలిసింది. ఆ రాత్రికి అప్పటికప్పుడు నేర్చుకోగలిగేది కాదది.

ఇలా స్త్రీలకు, యువకులకు వేరుగా కూడికలు పెట్టడం మిజోలే కనిపెట్టలేదులెండి. స్కాట్లండ్‌లోనూ ప్రెస్బిటేరియన్లు ఆడవాళ్ళకు 1887లో గిల్డ్ అనే సమాజం పెట్టారు. గ్లాస్గోలో విలియం స్మిత్ అనే సండే స్కూల్ టీచరు, చెప్పిన మాట వినని పెద్ద మగపిల్లల కోసం 1883లో బాయ్స్ బ్రిగేడ్ అనే సంఘం మొదలుపెట్టాడు. అల్లరి పిల్లలకు చేతినిండా పని, చుట్టూ స్నేహితులు ఉండాలని ఆయన ఆలోచన.

కూడికలన్నీ మంచివే అని మీకు అబద్ధం చెప్పను. ఎవరు రాలేదో లెక్కలు తీసే కూడిక మనిషిని దూరం చేస్తుంది. నలుగురు స్నేహితులే ఒక మూల చేరి నవ్వుకుంటూ, కొత్తగా వచ్చిన పిల్లని పలకరించని యూత్ కూడిక కంటే కూడిక లేకపోవడమే నయం. పల్లెనుంచి చదువుకోవడానికి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లలు మన చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని, ఆశీర్వాదం అవగానే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ పేర్లు మీకు తెలుసా? ఆదివారం వందలమందిలో పేరు అడగడం కుదరదు. పదిమంది కూర్చున్న ఇంట్లో అడక్కుండా ఉండటమే కష్టం. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

అందుకని ఒక పని అప్పగిస్తున్నాను. వచ్చే నెల ఇళ్ళల్లో ప్రార్థనల పట్టిక ఈసారి పెద్దలం రాయం, మీరు రాయండి. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళు ముందు వేయండి, మేడ ఇళ్ళు తర్వాత. హాస్టల్ పిల్లల్ని తీసుకొచ్చే బాధ్యత ఎవరిదో పేరు రాసి మరీ పెట్టండి. టిఫిను ఖర్చు ఇంటివాళ్ళ మీద వేయకండి, తలా కాస్త పట్టుకెళ్ళండి. పట్టిక రాశాక శనివారం సాయంత్రం మా ఇంటికి తీసుకురండి, చూస్తాను. పాటల పుస్తకాలు నాలుగైదు ఎక్కువ కావాలి, అవి నేను కొనిపెడతాను.

మీ తాతయ్య